ముప్పది లక్షల లెక్క

మొన్న మా పాఠశాలలో తల్లిదండ్రుల సభ జరిగినది. తెలుగు మాధ్యమపు ఆఱవ తరగతిలో ఈ యేడు చేరిన పిల్లలు 11 మంది. మేము ఈ బరంపురములోనే, ఇదే బడిలో ఆఱవ తరగతి చదివిన దినములలో ఒక్కొక్క బెంచీమీద అయిదుగురము ఇఱుకుకొని కూర్చుండెడివారము. వెనుక బెంచీవారికి ఉపాధ్యాయుల మాట సగము వినబడెడిది, సగము వినబడెడిది కాదు. సభలో ఈ సంగతి ప్రస్తావనకు రాగానే ఒక పెద్దమనిషి లేచి, "ఇందులో ఆశ్చర్యమేముంది మాస్టారూ? మనవాళ్లు పిల్లల్ని కనడం మానేశారు. మా నాన్నగారికి మేము తొమ్మండుగురం. నాకు ఇద్దరు. మా అబ్బాయికి ఒక్కర్తే. ఇక తెలుగు బడికి పిల్లలు ఎక్కణ్ణుంచి వస్తారు?" అనిరి. పలువురు తలలూపిరి. మేము సాంఘికశాస్త్రము చెప్పువారము గనుక, ఇట్టి లెక్కలు మాకు తెలిసియుండునని ప్రధానోపాధ్యాయులు మా వంక చూచిరి.

మేము నాడు ఏమియు పలుకలేదు. అందులకు కారణము కలదు. పూర్వమొకసారి జనసంఖ్య విషయమున తరగతిలో గట్టిగా చెప్పి, పొరబడినవారము. ఆ పొరబాటు మారిషస్ అను చిన్న ద్వీపమును గూర్చినది. దానిని విప్పి చెప్పినగాని పెద్దమనిషిగారి ప్రశ్నకు మా సమాధానము బోధపడదు. సభలో చెప్పుటకు అంత వ్యవధి లేదు. కావున ఈ పత్రికలో చెప్పుచున్నాము.

హిందూమహాసముద్రమున మడగాస్కరుకు తూర్పుగా 800 కిలోమీటర్ల దూరమున మారిషస్ ఉన్నది. గోడ పటములో సుద్దముక్క కొన మోపినచో ద్వీపము దానిక్రింద దాగిపోవును. రోడ్రిగ్స్ మొదలగు చిన్నదీవులను కలుపుకొన్నను ఆ దేశపు వైశాల్యము 2,040 చదరపు కిలోమీటర్లు మాత్రమే. మన గంజాం జిల్లాను నాలుగు భాగములు చేసినచో అందొక భాగమంత యనవచ్చును. అయినను జనసంఖ్యను గూర్చి పాఠము చెప్పువారికి ఇంతకంటె అనుకూలమైన దేశము దొరకుట కష్టము. ఏలయన, ఆ ద్వీపములో ఆదిమవాసులనువారు లేరు. 1598లో డచ్చివారు దిగునప్పటికి అచ్చట మనుష్యుడు కాపురమున్న జాడ లేదు. ఎగురలేని డోడో పక్షులు మాత్రము నిశ్చింతగా తిరుగుచుండెను. (ఆ పక్షుల సంఖ్యను ఎవరును వ్రాసియుంచలేదు, ఒక శతాబ్దములోపల అవి సమూలముగా నశించినవి.) డచ్చివారు 1638లో కాపురము పెట్టి, 1710లో విసిగి విడిచిపోయిరి. 1721 నుండి ఫ్రెంచివారు, 1810 నుండి ఆంగ్లేయులు ఏలిరి. కావున ఆ దేశమున ఉన్న ప్రతి కుటుంబమును ఎప్పుడో ఒకప్పుడు ఓడ దిగినదే. లెక్క సున్నతో మొదలైనది. ఇట్టి సౌకర్యము కొలది దేశముల లెక్కలకే ఉండును.

1835లో బానిసత్వము రద్దగునప్పటికి అచ్చట స్వేచ్ఛ పొందిన బానిసలు సుమారు 66,000 మంది. చెఱకుతోటల యజమానులకు కొత్త చేతులు కావలసివచ్చెను. 1834 మొదలు ఇరువదవ శతాబ్దారంభము వఱకు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఒడంబడిక కూలీలుగా పోర్ట్ లూయీ రేవున దిగిరి. వారిలో కొందఱు గడువు ముగియగానే తిరిగివచ్చిరి. పెక్కుమంది అచ్చటనే నిలిచిపోయిరి. ఎక్కువమంది బీహారు ప్రాంతమువారు. తమిళులును, మరాఠీలును కలరు. మన గంజాం, విశాఖపట్టణము, గోదావరి జిల్లాల తెలుగువారును కలరు. 1843లో కోరంగి పేరు గల ఓడయే మనవారిని తీసికొనిపోయినది. ఆ రేవు పేరును బట్టి అచ్చట తెలుగువారిని కోరంగీలని పిలిచెడివారు. దిగినవారి పేరు, ఊరు, వయస్సు, ఒడలిమీది మచ్చలు సైతము వ్రాసిన పుస్తకములు మోకా పట్టణమున గల మహాత్మాగాంధీ సంస్థలో నేటికిని భద్రముగా ఉన్నవి.

ఇక లెక్కలు. 1861లో ద్వీపపు జనసంఖ్య 3,10,050. 1931లో 3,93,238. అనగా 70 ఏండ్లలో పెరిగినది 83,000 మంది మాత్రమే. ఆనాటి యిండ్లలో పిల్లలు తక్కువగా పుట్టలేదు. మఱి జనము ఏల పెరగలేదు?

మొదటి కారణము ఓడలలోనే ఉన్నది. వచ్చిన కూలీలలో పురుషులు అధికము, స్త్రీలు స్వల్పము. తోటల యజమానులకు కావలసినవి చేతులేగాని కుటుంబములు కావు. రెండవ కారణము జ్వరము. 1866 వఱకు ఆ ద్వీపమున మలేరియా లేదు. ఆ యేడు ప్రవేశించినది. 1867 ఒక్క సంవత్సరములో దాదాపు 40,000 మంది మరణించిరి. కలిగినవారు పోర్ట్ లూయీ విడిచి, ద్వీపమధ్యమున చల్లని మెట్టలపైకి తరలిపోయిరి. ఇప్పటికిని అచ్చటి పెద్దపట్టణములు ఆ మెట్టలమీదనే వరుసగా ఉన్నవి. కూలీలు ఎక్కడికి పోగలరు? చెఱకు పల్లమున ఉన్నది, దోమలును పల్లమున ఉన్నవి. దీనికి తోడు 1892లో గొప్ప తుపాను, 1919లో విషజ్వరము. దోమకాటువలన మలేరియా వచ్చునని 1897లో మన సికింద్రాబాదులో కనుగొన్న రోనాల్డు రాసు పండితుని 1907లో మారిషస్‌కు పిలిపించిరి. ఆయన గుంటలు పూడ్పుడు, నీరు నిలువనీయకుడు అని సలహా చెప్పెను. కొంత చేసిరి, కొంత మానిరి.

తరువాత రెండవ ప్రపంచయుద్ధము ముగిసినది, డి.డి.టి. అను మందు వచ్చినది. 1949 మొదలు ఇంటింట గోడలపై ఆ మందు చల్లిరి. కొలది యేండ్లలో మలేరియా మరణములు మాసిపోయినవి. 1940 దశకపు మధ్యకాలమున మారిషస్‌లో పుట్టిన శిశువు సగటున 33 ఏండ్లు బ్రతుకునని లెక్క. 1950 దశకారంభమున పుట్టిన శిశువునకు ఆ లెక్క 50 ఏండ్లకు చేరినది. ఇంగ్లండువంటి దేశములకు ఈ మెట్టు ఎక్కుటకు తరములు పట్టినవి. ఈ ద్వీపము ఎనిమిదేండ్లలో ఎక్కినది. చావులు తగ్గినవి, పుట్టుకలు తగ్గలేదు. 1950లో వెయ్యిమంది జనమునకు దాదాపు 50 మంది శిశువులు పుట్టుచుండిరి. 1944లో జనసంఖ్య 4,19,185, 1952లో 5,01,415, 1962లో 6,81,619. మునుపు 70 ఏండ్లలో 83,000 పెరిగిన ద్వీపము ఇప్పుడు 18 ఏండ్లలో 2,62,000 పెరిగినది. మేము తరగతిలో ఈ లెక్కలను నల్లబల్లపై గీతగా గీయుట కలదు. ఆ గీత గోపాలపురపు ఇసుకతిన్నెవలె బల్లపరుపుగా చాలదూరము సాగి, హఠాత్తుగా తాటిచెట్టువలె నిలువున లేచును. పిల్లలు ఇది చూచి "అబ్బో" అందురు.

ఆనాటి పాలకులును "అబ్బో" అనిరి. పెరుగుదల ఏటికి నూటికి ముగ్గురు చొప్పున ఉండెను. అట్లున్నచో జనసంఖ్య ఇరువదినాలుగేండ్లలోపల రెట్టింపగును. నలువైపుల సముద్రము, పండునది చెఱకు ఒక్కటే, బియ్యము బయటినుండి రావలెను. లండనులో ఆచార్యుడైన రిచర్డు టిట్మస్‌ను, ఆయన సహచరుడైన బ్రయన్ ఏబెల్‌స్మిత్‌ను, ఆర్థికవేత్తయైన జేమ్సు మీడును సలహా అడిగిరి. వారి నివేదికలు 1961లో అచ్చయినవి. పిల్లల సంఖ్య ఇట్లే సాగినచో శతాబ్దాంతమునకు ద్వీపమున 30 లక్షలకు చేరువగా జనముందురని టిట్మస్ బృందము లెక్కకట్టినది. శాంతియుతముగా అభివృద్ధి పొందు ఆశ ఈ ద్వీపమునకు స్వల్పమని మీడు నిట్టూర్చెను. ఆయనకు తరువాత 1977లో నోబెలు బహుమానము వచ్చినది. ఈ జోస్యమునకు మాత్రము కాదు.

ఇచ్చటనే మా పొరబాటు. మేము కొత్తగా ఉద్యోగమున చేరిన దినములలో బడి గ్రంథాలయమున ఒక పాత భూగోళపుస్తకము దొరకినది. అందులో ఈ 30 లక్షల మాట ఉండెను. మాకది మిక్కిలి నచ్చినది. 'జనసంఖ్యా విస్ఫోటనము' అను పాఠము వచ్చినపుడెల్ల, "క్రీ.శ. 2000 నాటికి మారిషస్ జనసంఖ్య 30 లక్షలగును" అని నల్లబల్లపై పెద్ద అక్షరములతో వ్రాసి, క్రింద రెండు గీతలు గీచెడివారము. పిల్లలు వల్లించిరి. అర్ధసంవత్సరపు పరీక్షలో ప్రశ్నగా ఇచ్చితిమి. 20 లక్షలని వ్రాసిన పిల్లలకు మార్కు తగ్గించితిమి కూడ. 2000 సంవత్సరము వచ్చినది. ఆ యేటి జనాభా లెక్కలలో మారిషస్ దేశమంతటను తేలినవారు 11,78,848 మంది. మార్కు పోగొట్టుకొన్న పిల్లలే మాకంటె సత్యమునకు దగ్గరగా ఉండిరి.

మొదట మేము ఆ పండితులను నిందించుకొంటిమి. తరువాత వారి లెక్క ఎట్టిదో విచారింపగా నింద మా మీదికే వచ్చినది. వారు "ఇట్లే సాగినచో" అనిరి. తెలుగు వ్యాకరణమున దీనిని చేదర్థకమందురు. మా విద్యార్థులు ఏడవ తరగతిలోనే నేర్తురు. ఆ 'చో' అను ఒక్క అక్షరమును మేము మ్రింగివేసి, మిగిలిన వాక్యమును బల్లపై వ్రాసితిమి. పైగా వారు ఆ సంఖ్యను చెప్పినది అది నిజము కాకుండుటకే; కుటుంబ నియంత్రణమునకు ఏర్పాట్లు చేయుడని ఆ నివేదికలోనే గట్టిగా వ్రాసిరి.

మఱి జరిగినదేమి? 1960 దశకారంభమున మారిషస్ స్త్రీకి సగటున ఆరుగురు బిడ్డలు. పది పండ్రెండేండ్లు గడచునప్పటికి ముగ్గురి చిల్లర. ఇంత వేగముగా సంతానము తగ్గిన దేశములు ప్రపంచమున అరుదు. ఎవరిపైనను బలాత్కారము జరుగలేదు, జరిమానాలు లేవు. కుటుంబ నియంత్రణ సంఘమొకటి 1957లో ఏర్పడినది. కాథలిక్ మతస్థులు మందులకు, సాధనములకు ఒప్పుకొనరు గనుక, వారి మతమునకు సమ్మతమైన పద్ధతులు నేర్పుటకు 1963లో వేఱొక సంఘము వెలసినది. ప్రభుత్వము రెంటికిని ధనసహాయము చేసినది. హిందువులు, ముసల్మానులు, క్రైస్తవులు, చీనావారు కలిసియున్న చిన్నదేశములో సంఖ్యల మాట యెత్తినచో, "మావారిని తగ్గించుటకు ఎత్తు వేసినారు" అని ఏదో ఒక వర్గము అనుమానించుట సహజము. ఎవరి దారి వారికి తెరచియుంచుటచే ఆ అనుమానము ముదరలేదు. మా దృష్టిలో ఆ దేశము చేసిన తెలివైన పనులలో ఇది ముఖ్యమైనది.

రెండవది, ఆడపిల్లల చదువు. 1960 దశకమునకే అచ్చట చాలమంది బాలికలు ప్రాథమిక పాఠశాలకు పోవుచుండిరి. చదువుకొన్న పిల్లకు పదునైదేండ్లకే పెండ్లి చేయరు. పెండ్లి నాలుగైదేండ్లు వెనుకకు జరిగినచో ఇద్దరు బిడ్డలు తగ్గినట్లే. బట్టల మిల్లులు వచ్చి స్త్రీలకు జీతములిచ్చుటచే సంతానము తగ్గినదని కొందఱు వ్రాయుదురు. ఇది సగము సత్యము. ఎగుమతి పరిశ్రమల చట్టము వచ్చినది 1970లో. మిల్లులు వేలకొలది స్త్రీలను పనిలోనికి తీసికొన్నది 1980 దశకమున. ఉన్నత పాఠశాల చదువు ఉచితమైనది 1977లో. గీత క్రిందికి వంగినది అంతకు ముందే. ధనము వచ్చిన పిమ్మట సంతానము తగ్గలేదు. బీదలుగా ఉన్నప్పుడే తగ్గించుకొనిరి.

మూడవ కారణమును మేము మా యింటిలోనే నేర్చుకొంటిమి. మా మామ్మ పదునొకండుగురు బిడ్డలను కన్నది. మిగిలినది అయిదుగురు. సంధ్యవేళ దీపము పెట్టి, పదునొకండుగురి పేర్లును వరుసగా తలచుకొనెడిది. పేరు పెట్టకమునుపే పోయిన పసికందును 'చిన్నది' అని చెప్పుకొనెడిది. బాల్యమున మేము, "ఎందుకంతమందిని కన్నావు మామ్మా?" అని అడుగగా, "ఎందరు ఉంటారో తెలిస్తే అంతమందినే కందును గదరా" అన్నది. మారిషస్‌లో జరిగినది ఇదియే. బిడ్డ బ్రతుకునని తల్లికి నమ్మకము కుదురుటకు కొంతకాలము పట్టినది. మలేరియా పోయిన పది పదునైదేండ్లకు ఆ నమ్మకము కుదిరినది. కుదిరిన వెంటనే పుట్టుకలు తగ్గినవి. నివేదికలు వ్రాసినవారు చావులు తగ్గిన పదునైదేండ్లను చూచిరిగాని, ఆ పదునైదేండ్లలో తల్లులు ఏమి ఆలోచించుచుండిరో లెక్కకట్టుటకు ఏ యంత్రమును లేదు.

ఇప్పుడు ఆ గీత మఱల బల్లపరుపైనది. 2011 జనాభా లెక్కలలో మారిషస్ దేశపు జనసంఖ్య 12 లక్షల 37 వేలకు చేరువ. 2022 లెక్కలలోను ఇంచుమించు అంతే, కొంచెము తక్కువ. 1963 ప్రాంతమున ఏటికి 25,000కు పైగా శిశువులు పుట్టిన దేశమున నేడు సుమారు 12,000 మంది పుట్టుచున్నారు. పోవువారును దాదాపు అంతే. స్త్రీకి సగటున బిడ్డలు ఒక్కరున్నర కంటె తక్కువ. ఆరుగురిలో ఒకరికి మించి అరువదేండ్లు దాటినవారు. ఆ దేశమున ముసలివారందఱికిని ప్రభుత్వము వృద్ధాప్య వేతనమిచ్చుచున్నది. కలిగినవారు, లేనివారు అను భేదము లేకుండ ఇచ్చుట 1958లోనే మొదలైనది. ఆ వేతనమునకు అర్హమైన వయస్సును 60 నుండి 65కు మెల్లమెల్లగా పెంచుటకు 2025లో నిర్ణయింపగా పెద్ద అలజడి రేగినది. అరువదేండ్లక్రిందట పిల్లలు మితిమీరిరని దిగులుపడిన దేశము నేడు పిల్లలు చాలరని దిగులుపడుచున్నది. ఇట్లే సాగినచో జనము తగ్గుచు పోవునని అందురు. మేము దీనిని తరగతిలో చెప్పునపుడు 'చో'ను పెద్ద అక్షరముతో వ్రాయుచున్నాము.

మా పాత విద్యార్థి యొకడు బట్టలమిల్లులో కుట్టుయంత్రములు బాగుచేయు పనికి మారిషస్ పోయి, నాలుగేండ్లుండి వచ్చినాడు. వచ్చినవాడు బడికి వచ్చి, "మాస్టారూ, మీ ముప్పై లక్షల మంది నాకెక్కడా కనపడలేదండీ" అని నవ్వినాడు. మిల్లులో తనవంటి పరదేశీయులే, ముఖ్యముగా బంగ్లాదేశమువారు, ఎక్కువగా ఉన్నారట. ఆ ద్వీపము మఱల కూలీలను బయటినుండి రప్పించుకొనుచున్నది. ఓడకు బదులు విమానము.

వాడు మఱియొక సంగతి చెప్పినాడు. అది నేటికిని మా మనస్సును విడువలేదు. ఒక శనివారపు రాత్రి మిల్లు మేస్త్రీ వానిని తన ఊరికి రామభజనకు తీసికొనిపోయినాడట. వెలిగించిన దీపము చుట్టును స్త్రీ పురుషులు తిరుగుచు, తెల్లవారువఱకు తెలుగు కీర్తనలు పాడినారట. "మన సింహాచలం అప్పన్న పటం ఉందండీ, అమ్మోరి పండగ చేస్తారండీ. నాకు ఏడుపొచ్చింది. ఆ పాడుతున్న తాతగారి పక్కన కూర్చుని, 'ఏ ఊరండీ మీది?' అని తెలుగులో అడిగాను. ఆయనకు అర్థం కాలేదు" అని చెప్పినాడు. అంత రాత్రియు తెలుగు పాడిన వృద్ధునకు, పాట ముగిసిన పిమ్మట మాటలాడుటకు మిగిలిన భాష క్రియోలు.

బాలబాలికలారా, ఈ ఘట్టమును మీరు కొంచెము నిలిచి చూడవలెను. ఓడ దిగిన తెలుగువారికంటె నేడు అచ్చటనున్న వారి సంతతి హెచ్చు. వారు తగ్గిపోలేదు. అప్పన్న అను పేరు అచ్చట ఇంటిపేరుగా నిలిచినది. ఆ యింటిపేరు గల నటాచా అప్పన్న అను రచయిత్రి నవలలు వ్రాయుచున్నది, ఫ్రెంచిభాషలో. 1947లో వారు ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. ఉగాది అచ్చట దేశమంతటికిని సెలవుదినము. మన ఒడిశాలో తెలుగు పిల్లలు ఉగాదినాడు సెలవుచీటి వ్రాసి పంపవలసియుండును. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినది ఆ ద్వీపముననే. బడులలో తెలుగు చెప్పుచున్నారు. ఇంతయు ఉన్నది. ఇంటిలో అమ్మ బిడ్డను అన్నమునకు పిలుచు మాట మాత్రము చాలయిండ్లలో తెలుగు కాదు. దీనికి ఆ తల్లిని తప్పుపట్టుట మాకిష్టము కాదు. తోటలో కంగాణీతో, అంగడిలో వర్తకునితో, ప్రక్కగుడిసె బీహారీతో మాటలాడవలసినది క్రియోలులోనే. బిడ్డకు పనికివచ్చు భాషను తల్లి ఇచ్చినది. అయినను, పిల్లలు ఎక్కువైనచో భాష నిలుచునను మాట ఆ ద్వీపమున నిలువలేదు.

ఇక మా సభకు వత్తుము. పెద్దమనిషిగారి మాటను మేము కాదనుటకును, ఔననుటకును ముందు లెక్క చూడవలెననుకొంటిమి. ముప్పది లక్షలను చూడకుండ వ్రాసినవారము గదా. సభ జరిగిన మఱుసటి ఆదివారమున తొమ్మిదవ తరగతి విద్యార్థులిద్దఱిని వెంటబెట్టుకొని, బడికి దగ్గరగా ఉన్న నాలుగు వీధులలో తెలుగిండ్లన్నియు తిరిగితిమి. ఆఱవ తరగతికి తగిన వయస్సు గల పిల్లలెందరు, ఏ బడిలో చదువుచున్నారు అని నోటుపుస్తకమున వ్రాసికొంటిమి. మూడు ఆదివారములు పట్టినది. ఒక యింటివారు మమ్ము పోలియో చుక్కలవారనుకొని పసిబిడ్డను ఎత్తుకొనివచ్చిరి.

తేలిన పిల్లలు 43 మంది. మా తరగతిలో ఉన్నవారు 11. తక్కిన 32 మందిలో 27 మంది ఇంగ్లీషు బడులలో, అయిదుగురు ఒడియా బడిలో ఉన్నారు. కావున మనవారు పిల్లలను కనుట మానలేదు. మునుపటికంటె తక్కువగా కనుచున్నారనుట సత్యమే. బెంచీకి అయిదుగురు రారు. కాని ఒక తరగతి నిండుటకు చాలినంతమంది మన వీధులలోనే ఉన్నారు, ప్రతి ఉదయమును మన బడి గేటుముందునుండియే వేఱు బడుల బస్సులు ఎక్కుచున్నారు.

ఒక తల్లి మాతో నిష్కర్షగా చెప్పినది: "మాస్టారండీ, నేను మీ బడిలోనే చదివాను. కాలేజీకెళ్లాక మొదటి యేడంతా పాఠం అర్థంకాక ఏడ్చాను. నా కూతురు అలా ఏడవకూడదని ఇంగ్లీషు బడిలో వేశాను. తెలుగంటే నాకు చేదా?" ఆమె మా దగ్గరనే సాంఘికశాస్త్రము చదివినది, మారిషస్ ప్రశ్నకు 30 లక్షలని వ్రాసి పూర్తి మార్కు పొందినదేమో కూడ. ఆమెకు మేము చెప్పదగిన జవాబు మా యొద్ద లేకపోయినది. లోపలిగదిలో ఆ కూతురు తమ్మునితో పోట్లాడుచుండెను; ఆ పోట్లాట స్వచ్ఛమైన తెలుగులో సాగుచుండెను. "పాపకు తెలుగు చదువుట వచ్చునా?" అని అడిగితిమి. "మాట్లాడుతుంది. అక్షరాలు రావు" అన్నది. "ఆదివారము ఉదయము ఒక గంట పంపుదువా, అమ్మా? బడి మార్చనక్కఱలేదు" అన్నాము. ఆమె కొంతసేపు ఆలోచించి, "పంపుతానండీ. తమ్ముణ్ణి కూడా పంపించనా?" అని అడిగినది. తమ్మునికి ఏడేండ్లు, మా పట్టికలో వాడు లేడు.

అట్లు 32 ఇండ్లలో 19 ఇండ్లవారు ఒప్పుకొనిరి. దీనివలన మా ఆఱవ తరగతి అడ్మిషను రిజిస్టరులో ఒక్క పేరును పెరుగదు. ఆ సంగతి ప్రధానోపాధ్యాయులకు ముందే విన్నవించితిమి. ఆయన, "గది తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి" అనిరి. మొదటి ఆదివారమున 14 మంది వచ్చిరి. తమ్ములును చెల్లెండ్రును కలిసి 21 మంది అయిరి. చాపలు చాలలేదు. వచ్చేవారమునకు రెండు చాపలు కావలెను. ఇవ్వదలచినవారు ఆఱవ తరగతి గదిలో ఈయవచ్చును. మిగిలిన 13 ఇండ్లకు దసరా సెలవులలో పోవుదుము.